పాముకాటు కేసుల మీద నాలుగు ఆసుపత్రుల్లో స్టడీ, ఎలా ప్లాన్ చేయాలి?

మెడిసిన్ పీజీ, గుంటూరు:

అందరికీ నమస్తే. గుంటూరులో ఎండీ జనరల్ మెడిసిన్ మొదటి ఏడాది చదువుతున్నా. థీసిస్ ప్రోటోకాల్ ఇవ్వడానికి ఇంకా నెలన్నర టైముంది. టాపిక్ పాముకాటు. ముందు మా ఆసుపత్రికి వచ్చిన కేసులు చూసి రాసేద్దాం అనుకున్నా. మా గైడ్ సార్ "ఒక్కచోట చూస్తే ఏముందమ్మా, అందరూ చేసేదేగా, నాలుగు ఆసుపత్రులు కలుపు" అన్నారు. ఆయన ఆ మాట అనేసి రౌండ్స్‌కి వెళ్లిపోయారు, నేను మాత్రం అప్పట్నుంచి టెన్షన్‌లో ఉన్నా.

ప్రస్తుతానికి అనుకుంటున్నది ఇదీ. గుంటూరులో ఒక పెద్దాసుపత్రి, విజయవాడలో ఒకటి, రేపల్లె వైపు ఒక ఏరియా ఆసుపత్రి, ఒక ప్రైవేటు. జూన్ నుంచి నవంబర్ దాకా వచ్చిన ప్రతి పాముకాటు కేసూ తీసుకోవాలని. ఏ పాము కరిచింది, ఎంతసేపటికి వచ్చారు, ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎన్ని వయల్స్, అంటే సీసాలు పడింది, రియాక్షన్ వచ్చిందా, కిడ్నీ దెబ్బతిందా, వెంటిలేటర్ పెట్టాల్సొచ్చిందా, బతికారా లేదా, ఇవన్నీ రాసుకోవాలి.

పోయిన వారం రికార్డు రూముకెళ్లి పాత కేస్ షీట్లు కొన్ని తీయించి చూశా. నీరసం వచ్చేసింది. చాలా వాటిలో పాము పేరు దగ్గర 'అన్‌నోన్ బైట్' అనే ఉంది. వార్డుకి వచ్చిన టైము ఉంటుంది, కాటు పడిన టైము ఉండదు. ఒక షీట్‌లో అయితే మొదటి పేజీలో కుడి కాలు, మూడో పేజీలో ఎడమ కాలు. ఇంకోదానికి బయటి ఆసుపత్రి చీటీ పిన్ చేసి ఉంది, దాని మీద మొత్తం ఒకటే లైను: "పాముకాటు, ఏఎస్‌వీ ఇచ్చాం, పెద్దాసుపత్రికి పంపుతున్నాం." ఎన్ని వయల్స్ ఇచ్చారు, ఎన్ని గంటలకి ఇచ్చారు, ఏమీ లేదు. సంతకం మాత్రం సగం కాగితం ఉంది.

పాత షీట్లతో సరిపెట్టుకోనా, కొత్త కేసులు వచ్చేదాకా ఆగి తీసుకోనా? పేషెంట్ల మీద స్టడీకి ఒప్పుకోవాల్సిన ఎథిక్స్ కమిటీ అనుమతి నాలుగు చోట్లా విడివిడిగా కావాలా? శాంపిల్ ఎంత? పాము ఏదో తెలియని కేసుని ఏ గడిలో వేయాలి? చేసినవాళ్లు, చేసి చేతులు కాల్చుకున్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

బెజవాడ స్టాట్స్ మాస్టారు:

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లో ఒక స్టడీ కాదు, ఆరు ఉన్నాయి. నాలుగు ఆసుపత్రులు కలపాలన్న మీ సార్ మాట బాగానే ఉంది కానీ, ముందు ప్రశ్న ఒక్కటి చేసుకో. అది తేలకుండా శాంపిల్ ఎంత అని అడగడం, ఎంతమంది వస్తారో చెప్పకుండా ఎన్ని కిలోల బియ్యం పొయ్యి మీద పెట్టాలి అని అడిగినట్టు ఉంటుంది.

చనిపోవడాన్ని ప్రధాన ఫలితంగా పెట్టుకుంటే ఏమవుతుందో చూడు. వందకి 5 మంది చనిపోతారు అనుకుందాం, ఉదాహరణకే. చావుకి కారణమయ్యే అంశాలు ఓ పది కలిపి రిగ్రెషన్ (ఏ అంశం ప్రభావం ఎంతో విడదీసే లెక్క) వేయాలంటే, ఒక్కో అంశానికి కనీసం 10 మరణాలైనా ఉండాలని పాత లెక్క. అంటే 100 మరణాలు, అంటే 2000 మంది పేషెంట్లు. పీజీ మూడేళ్లలో అయ్యే పని కాదు. అదే కిడ్నీ దెబ్బతినడం తీసుకుంటే లెక్క దిగుతుంది. వందకి 20 మందిలో ఉంటుందనుకుని, 5 అటూ ఇటూ తేడా చాలనుకుంటే 246 మంది. ఒకే ఆసుపత్రి పేషెంట్లు ఒకరినొకరు పోలి ఉంటారు, ఎందుకంటే అక్కడ డాక్టర్లు ఒకరే, అలవాట్లు ఒకటే, కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లు వేయి, 369. మధ్యలో జారిపోయేవాళ్లు పదిశాతం, మొత్తం 410. ఆ 20 అనేది నా ఊహ, నువ్వు మీ పాత షీట్లు చూసి అసలు అంకె పెట్టుకో. పాత షీట్లు ఆ పనికి చాలు, అంతకు మించి వాటిని నమ్మొద్దు.

ఇంకో మాట. ఏ ఆసుపత్రిలో చావులు ఎక్కువ, ఏ ఆసుపత్రిలో తక్కువ అని టేబుల్ మాత్రం వేయకు. పెద్దాసుపత్రికి వచ్చేది కింది నుంచి చేతులెత్తేసిన కేసులు. ప్రైవేటు నుంచి డబ్బులైపోయాక వచ్చేదీ అక్కడికే. అంకెలు చూసి పెద్దాసుపత్రి చంపేస్తోందని పేపర్‌వాడు హెడ్డింగ్ పెడతాడు, నీ గైడ్ నిన్ను చంపేస్తాడు.

పిల్లలకి కిలోకి ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్కలు కూడా కట్టకు. పాము పిల్లవాడని తక్కువ విషం ఎక్కించదు, అందుకే ఏఎస్‌వీ పెద్దలకెంతో పిల్లలకీ అంతే.

మెడిసిన్ పీజీ, గుంటూరు:

థాంక్యూ సార్, లెక్క ఇప్పుడు అర్థమైంది. తమ్ముడు కాదు సార్, చెల్లెలు :)

సీనియర్ బ్యాచ్:

ఇదంతా ఎందుకమ్మా. రెండేళ్ల పాత షీట్లు తీయించు, వంద కేసులు ఎక్సెల్‌లో ఎక్కించు, గుండ్రటి పై-చార్టులు నాలుగు వేయి, అయిపోయింది. ఎగ్జామ్‌కి చదువుకో. థీసిస్‌ని ఎగ్జామినర్ కూడా చదవడు.

ఏరియా ఆసుపత్రి నైట్ డ్యూటీ:

పైన రాసిన సీనియర్ సార్‌కి ఒక దండం. ఆ షీట్లు రాసేది మేమే కాబట్టి చెబుతున్నా, వాటి మీద ఏమీ కట్టకండి.

డాక్టరమ్మా, నేను స్టాఫ్ నర్సుని, క్యాజువాలిటీలో చాలా ఏళ్లుగా చేస్తున్నా, మా వైపు వానాకాలం వచ్చిందంటే రాత్రిళ్లు పాముకాటు కేసులే. మీ ఫారం నాలుగు పేజీలుంటే అది ఎవరు నింపుతారో ముందు ఆలోచించుకోండి. రాత్రి రెండింటికి బండి మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టుకుని తెస్తారు. వెనక ఆటోలో ఇంకో ఎనిమిది మంది. అందరూ ఒకేసారి మాట్లాడతారు. మేము ముందు చూసేది వేలి ఉంగరాలు, మెట్టెలు, మొలతాడు ముక్కతోనో చీర అంచుతోనో కట్టిన కట్టు. వాపు ఎక్కితే మెట్టెలు కోసి తీయాలి. ఆ కట్టు కూడా డాక్టర్ పక్కన లేకుండా ఒక్కసారిగా విప్పకూడదు, అప్పటిదాకా ఆగింది ఒక్కసారిగా పైకి వస్తుంది. ఇంత హడావుడిలో మీ 'సామాజిక ఆర్థిక స్థాయి' గడి దగ్గర టిక్కు పెట్టమంటే పెడతాం, కళ్లు మూసుకుని పెడతాం.

అందుకని, రాత్రి నింపేది ఒక్క పేజీ చాలు. మిగతాది పొద్దున మీరే వచ్చి మంచం దగ్గర కూర్చుని అడగండి.

ఇక విషం వల్ల రక్తం గడ్డకట్టడం ఆగిపోయిందా అని చూసే 20 నిమిషాల టెస్టు సంగతి. మీ ఫారంలో 'రక్తం గడ్డకట్టిందా, లేదా' అని ఒకే గడి పెడతారు, నాకు తెలుసు. దాని పక్కన ఇంకో గడి పెట్టండి, ట్యూబు ఏ రకం అని. 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి ఒక్కసారి వంచి చూడాలి. గాజు తగిలితేనే గడ్డకట్టడం సరిగ్గా మొదలవుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో తీసినా, సబ్బు నీళ్లతో కడిగిన గాజులో తీసినా ఆ ఫలితం చెల్లదు. ఇదివరకు నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో (పేరెందుకులెండి) ట్యూబులు సర్ఫ్ వేసి కడిగి ఆరబెట్టి మళ్లీ వాడేవాళ్లు. ఒకరోజు వరసగా వచ్చిన ముగ్గురికీ రక్తం గడ్డకట్టలేదు. అందులో ఒకాయనకి కాలి మీద గాటు తప్ప వాపు కూడా లేదు, బెడ్ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. నాకు అనుమానం వచ్చి మా అటెండర్ చేతి నుంచి రక్తం తీసి అదే రకం ట్యూబులో పోశా. అదీ గడ్డకట్టలేదు. అటెండర్ మాత్రం "అక్కా నన్ను ఎప్పుడు కరిచింది" అని వణికిపోయాడు. అప్పటికే ఒకాయనకి పది వయల్స్ ఎక్కేశాయి.

మీ స్టడీకి నాలుగు ఆసుపత్రులకీ ఒకే రకం కొత్త గాజు ట్యూబులు మీరే కొని ఇవ్వండి, పెద్ద ఖర్చు కాదు. ట్యూబుకి ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద టైము రాస్తాం. స్టాండుకి పెట్టాక పేషెంట్ తాలూకు వాళ్లు "గడ్డకట్టిందా చూద్దాం" అని తీసి ఊపుతారు, అది కూడా జరుగుతుంది, ఊపితే మళ్లీ తీయాల్సిందే.

వయల్స్ లెక్క. కేస్ షీట్‌లో ఒక అంకె, స్టాకు రిజిస్టర్‌లో ఇంకో అంకె ఉంటుంది. ఎవరూ అబద్ధం రాయరు, ఒకరు ఆర్డర్ వేసినవి రాస్తారు, ఇంకొకరు పగలగొట్టినవి రాస్తారు, పౌడర్ కరగక పారేసినవి ఎవరూ రాయరు. ఖాళీ సీసాలు ట్రేలో ఉంచమని చెప్పండి, షిఫ్టు మారేటప్పుడు లెక్కపెట్టి బ్యాచ్ నంబర్ కూడా రాసేస్తాం.

అన్నిటికంటే ముఖ్యమైనది మీరే పైన చెప్పారు, కానీ నవ్వి వదిలేశారు. ఆ సంతకం పెద్దగా ఉన్న చీటీ. మీ స్టడీ అంతా ఆ చీటీలో ఉందమ్మా. మా దగ్గరికి వచ్చిన కేసు తెనాలి వెళ్తుంది, అక్కడి నుంచి గుంటూరు వస్తుంది. గుంటూరు గేటు దగ్గర మీరు లెక్క మొదలుపెడితే, దారిలో మేం ఇచ్చిన పది వయల్స్ మీ లెక్కలో లేవు, మా దగ్గర ఆరు గంటలు ఆగిన టైము లేదు, 108లో పోయినవాళ్లు అసలే లేరు. అందుకని స్టడీ ఫారం కంటే ముందు రిఫరల్ చీటీ తయారుచేయండి. కాటు టైము, మేం చూసిన టైము, మొదటి వయల్ ఎక్కిన టైము, ఎన్ని వయల్స్, గడ్డకట్టే టెస్టు ఫలితం, కళ్లు వాలిపోతున్నాయా, మూత్రం వస్తోందా. ఇంతే. ఈ ఏడూ ఉంటే రాస్తాం. ఎనిమిదోది పెడితే ఒక్కటీ రాయం.

మెడిసిన్ పీజీ, గుంటూరు:

అక్కా, నిజంగా దండం. ఆ చీటీని నేను రికార్డులో ఒక తప్పుగానే చూశా, పనికొచ్చే వస్తువుగా చూడలేదు.

ఒక్క సందేహం. కాటు టైము అడిగితే "రాత్రి", "పొద్దున్నే", "అన్నం తిన్నాక" అంటారు. ఎంతసేపటికి వచ్చారన్నదే నా మొదటి ప్రశ్న అయినప్పుడు ఇది ఎలా?

ఏరియా ఆసుపత్రి నైట్ డ్యూటీ:

గడియారం అడగకండి. ఏ సీరియల్ వస్తోంది, చివరి బస్సు వెళ్లిపోయిందా, మోటారు వేయడానికి వెళ్లినప్పుడా కట్టేసి వచ్చేటప్పుడా, కోడి కూసిందా అని అడిగితే గంట అటూ ఇటూగా తేలుతుంది. ఇప్పుడు ఇంకో సులువు ఉంది. కరవగానే ఎవరికో ఒకరికి ఫోన్ చేసి ఉంటారు. ఆ ఫోన్ తీసి కాల్ లిస్టు చూపించమనండి. 21:47 అని పడి ఉంటుంది.

బెజవాడ స్టాట్స్ మాస్టారు:

ఈ కాల్ లిస్టు ఐడియాకి నేను అథర్‌షిప్ ఇస్తా. చెల్లెమ్మా, ఫారంలో టైము పక్కన 'దేన్ని బట్టి తెలిసింది' అని చిన్న గడి పెట్టు. ఫోను, అంచనా, తెలియదు. తర్వాత ఫోను ఉన్నవాళ్లని మాత్రమే తీసుకుని మళ్లీ లెక్క వేసి, రెండూ ఒకే దారిలో ఉన్నాయో లేదో చూడొచ్చు.

ఒకసారి చేసి చూసినవాడిని:

అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. కొన్నేళ్ల కిందట మూడు ఆసుపత్రులతో ఇలాంటిదే మొదలుపెట్టి సగంలో వదిలేశా, కాబట్టి ఎక్కడ కాలిందో చెబుతా.

నాకు అందరికంటే పెద్ద దెబ్బ ఒకే మనిషిని మూడుసార్లు లెక్కపెట్టడం. కింద ఆసుపత్రిలో ఒక ఐపీ నంబర్ (అడ్మిషన్ నంబర్), జిల్లా ఆసుపత్రిలో ఇంకోటి, నా దగ్గర మూడోది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట 'W/o' అని భర్త పేరే పేషెంట్ పేరైపోయింది. కింద ఆసుపత్రివాళ్ల లెక్కలో ఆమె 'రిఫర్ చేశాం', అంటే బతికినట్టే. నా లెక్కలో రెండోరోజు చనిపోయింది. రెండూ కలిపితే ఇద్దరు మనుషులు, ఒక చావు. డేటా అంతా ఇలాగే ఉందని ఆరు నెలలయ్యాక తెలిసింది. నువ్వు మొదటి ఆసుపత్రిలోనే ఒక స్టడీ నంబర్ ఇచ్చి ఆ రిఫరల్ చీటీ మీద వేయించు, అది పేషెంట్‌తో పాటు ప్రయాణం చేస్తుంది. నర్సమ్మ గారు ఎనిమిదోది వద్దన్నారు గానీ, ఈ నంబర్ ముందే అచ్చు వేసి ఉంటే ఆవిడ రాయక్కర్లేదు. ఆధార్ నంబర్ మాత్రం తీసుకోకు, అవసరమూ లేదు, ఎథిక్స్ వాళ్లు ఒప్పుకోరు.

కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఉన్న దివిసీమ నుంచి వచ్చే కేసుల్ని ప్రత్యేకంగా గమనించు. పులిగడ్డ దగ్గర వంతెన దాటితే ఇటు రేపల్లె, కరకట్ట ఎక్కితే అటు విజయవాడ, ఇంకోవైపు బందరు. ఒకే ఊరివాళ్లు మూడు దారుల్లో పోతారు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాత షీట్‌లో రేపల్లె గుంటూరు జిల్లా, కొత్త షీట్‌లో బాపట్ల జిల్లా. పాతవీ కొత్తవీ కలిపి జిల్లాల వారీగా టేబుల్ వేస్తే పాములు వలస పోయినట్టు కనిపిస్తుంది. ఊరు, మండలం రాసుకో, జిల్లా వదిలేయ్.

ఎథిక్స్ గురించి. మీ కాలేజీ కమిటీ అనుమతి ఎలాగూ తప్పదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో, ఎక్కువ సెంటర్లలో చేసే స్టడీకి ఒక కమిటీ ప్రధానంగా చూసి మిగతావాళ్లు దాన్ని ఒప్పుకునే పద్ధతి ఉంది. కానీ ఒప్పుకుంటారా లేదా అన్నది అక్కడివాళ్ల ఇష్టం, కాబట్టి ఈ వారమే నాలుగు చోట్లా సూపరింటెండెంట్లకి ఉత్తరాలు పెట్టు. కమిటీ లేని ఏరియా ఆసుపత్రికి ఎవరి అనుమతి కింద వస్తుందో ముందే రాయించుకో. స్పృహ లేని పేషెంట్‌కి బంధువు సంతకం తీసుకుని, తేరుకున్నాక పేషెంట్‌ని మళ్లీ అడగాలి. ఏడేళ్లు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల సంతకంతో పాటు వాళ్ల ఒప్పుదల కూడా కావాలి. సంతకం అనగానే "పోలీసు కేసా సార్" అని భయపడతారు, ఎందుకంటే అప్పటికే ఎంఎల్‌సీ (పోలీసులకి తెలిపే మెడికో లీగల్ కేసు) అని ఒకటి రాయించుకుని ఉంటారు. అది వేరు, ఇది వేరు అని నిదానంగా చెప్పాలి.

ఫాలోఅప్ లేకుండా చేస్తే సగం కథ పోతుంది. ఏఎస్‌వీ వల్ల వారం పది రోజులకి జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు వచ్చేవాళ్లుంటారు, అవి డిశ్చార్జి షీట్‌లో ఎప్పటికీ కనబడవు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లని మూడు నెలలకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష)తో చూడకపోతే, కోలుకున్నారో లేదో ఏం చెబుతావు? రెండు ఫోన్ నంబర్లు తీసుకో. ఒకటి బావమరిదిది అవుతుంది, రెండోది స్విచాఫ్. మూడోది ఆశా కార్యకర్తది తీసుకుంటే, ఆవిడ దొరుకుతుంది.

చివరిది, కాస్త కష్టమైనది. మిలియన్ డెత్ స్టడీ అని ఇంటింటికీ తిరిగి చావుకి కారణాలు రాసిన పెద్ద సర్వే ఉంది. 2005కి దేశంలో పాముకాటు చావులు దాదాపు 46 వేలు అని, అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రలోనే 6,200 అని 2011లో వచ్చిన పేపర్‌లో అంచనా వేశారు. ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే. ఆ చావుల్లో ఆసుపత్రిలో జరిగినవి 23 శాతమే. మిగతావాళ్లు ఇంట్లోనో దారిలోనో పోయారు. తర్వాత అదే వరసలో వచ్చిన ఇంకో లెక్క 2000 నుంచి 2019 వరకు ఏడాదికి సగటున 58 వేలు అంది. 2024 నవంబర్‌లో కేంద్రం పాముకాటుని తప్పనిసరిగా రిపోర్ట్ చేసే జబ్బుగా పెట్టమని రాష్ట్రాలకి రాసింది కూడా. అంటే మనం నాలుగు కాదు నలభై ఆసుపత్రులు కలిపినా గేటు లోపలికి వచ్చినవాళ్లనే చూస్తాం. కనీసం క్యాజువాలిటీలో 'బ్రాట్ డెడ్' (తెచ్చేసరికే చనిపోయినవాళ్ల) రిజిస్టర్, మార్చురీ రిజిస్టర్ కూడా నీ స్టడీలో పెట్టుకో. చెప్పకుండా ఇంటికి తీసుకెళ్లిపోయినవాళ్లని 'డిశ్చార్జి' కింద వేయకు, ఫోన్ చేసి కనుక్కో.

దివిసీమ పాముల పట్టేవాడు:

డాక్టర్లు మాట్లాడుకునే చోట నాకేం పని అనుకున్నా గానీ, మా ఊరి పేరు వచ్చింది కాబట్టి రాస్తున్నా. మాది నాగాయలంక వైపు. వ్యవసాయం, ఎవరింట్లో పాము దూరినా నాకే ఫోన్.

'ఏ పాము' అన్న గడి మీ చేత తప్పులు చేయిస్తుంది. మా జనం నోట్లో ప్రతి పామూ తాచే. బొమ్మలు చూపించి ఇందులో ఏది అంటే పడగ ఉన్నదాని మీదే వేలు పెడతారు. బొమ్మల్లో విషం లేనివి కూడా కలపండి, జెర్రిపోతు, నీరుకట్టు. జెర్రిపోతుని చూపించినా తాచే అన్నాడంటే ఆ మనిషి మాట అర్థమైనట్టే. రక్తపింజరని కొందరు పొడపాము అంటారు, కొందరు ఉట్టి పింజర అంటారు, అన్నీ ఒకటే అని మీ ఫారంలో రాసుకోవాలి.

కట్లపాము సంగతి వేరు. రాత్రి కింద చాప మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, కళ్లు మూతలు పడటం. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుంటారు. 'పాముకాటు' అని వచ్చినవాళ్లనే తీసుకుంటే వీళ్లు మీ లెక్కలోకే రారు. విషం లేని వుల్ఫ్ స్నేక్ కూడా అలాగే చారలతో ఉంటుంది. కట్లపాముకి తల దగ్గర చారలుండవు, తోక వైపు స్పష్టంగా ఉంటాయి, వీపు మధ్యలో పొలుసులు పెద్దవిగా ఉంటాయి. రెండోదానికి మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు వెలిసిపోతాయి. ఫోటో ఉంటే చెప్పేయొచ్చు. కానీ ఫోటో కోసం పాము వెనక పడొద్దని కూడా చెప్పండి. మా పక్క ఊళ్లో చంపేశాం అని క్యారీబ్యాగులో ఆసుపత్రికి తెచ్చారు. బల్ల మీద పెట్టగానే కవరు కదిలింది. డాక్టర్ దగ్గర్నుంచి సెలైన్ ఎక్కుతున్నవాడి దాకా అందరూ బయటే.

ఇంకోటి, 'మంత్రగాడి దగ్గరికి వెళ్లారా' అని అడిగితే లేదంటారు, మీరు తిడతారని తెలుసు. 'ఆసుపత్రికి వచ్చేముందు ఎక్కడెక్కడ ఆగారు' అని అడగండి, పసరు పోయించుకున్నదీ, తాడు కట్టించుకున్నదీ, గుడిలో కొబ్బరికాయ కొట్టినదీ వరసగా చెబుతారు. 2018 వానాకాలంలో మా దివిసీమలో కాట్లు మరీ ఎక్కువైతే మోపిదేవి గుడిలో సర్పశాంతి హోమం చేయించారు. నేనూ వెళ్లా, ప్రసాదం తిన్నా. గుడికి వెళ్లడం తప్పని నేను అనను, కరిచాక ముందు గుడికి వెళ్లడమే తప్పు.

మీరు నవంబర్‌లో ఆపేస్తే ఎలా? మాకు వరి కోతలు నవంబర్, డిసెంబర్‌లోనే. ఓదెలు ఎత్తేటప్పుడు కింద పింజర చుట్టుకుని ఉంటుంది, చెయ్యి పెట్టామంటే అంతే. ఆ తర్వాత మినుము పీకుడు. ఏడాది మొత్తం తీసుకోండి.

మెడిసిన్ పీజీ, గుంటూరు:

అందరివీ రెండుసార్లు చదివా. ఈ రాత్రి ప్లాన్ మొత్తం మార్చేశా.

ప్రశ్న ఒకటే పెట్టుకున్నా: కాటు నుంచి మొదటి వయల్ ఎక్కేదాకా పట్టిన టైముకీ, కిడ్నీ దెబ్బతినడానికీ సంబంధం. వెంటిలేటర్, రియాక్షన్, చావులు రాసుకుంటా కానీ వాటి మీద పెద్ద మాటలు చెప్పను. జూన్ నుంచి జూన్, ఏడాది. కేసు మొదలయ్యేది గుంటూరు గేటు దగ్గర కాదు, మొదట చూసిన ఆసుపత్రి దగ్గర. పాము పేరుకి రెండు గడులు, పేషెంట్ చెప్పింది ఒకటి, ఫోటో చూసి తేల్చింది ఒకటి. మూడోది లక్షణాలని బట్టి, రక్తం వైపా నరాల వైపా. తేలనిది తేలలేదనే ఉంటుంది, దాన్ని బలవంతంగా తాచులో వేయను. తెల్లవారుజామున కళ్లు వాలిపోయి వచ్చినవాళ్లని పాము చూడకపోయినా తీసుకుంటా.

ఏఎస్‌వీ బ్యాచ్ నంబర్ రాయడం మొదట అనవసరం అనుకున్నా, ఇప్పుడు పెట్టా. మన దేశంలో ఏఎస్‌వీకి వాడే విషం చాలావరకు తమిళనాడులో పాములు పట్టే ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుందని చదివా, 1978లో పెట్టిన సంఘమట అది. అక్కడి రక్తపింజర విషం, మన కృష్ణా డెల్టా రక్తపింజర విషం అచ్చంగా ఒకటే కానక్కర్లేదు. నా స్టడీతో అది తేలదు, కానీ ఎవరైనా తర్వాత చూడాలంటే ఏ సీసా ఎక్కించారో అయినా రాసి ఉండాలి కదా.

గైడ్ సార్‌కి చూపిస్తే "నలుగురినీ కలుపు అన్నాను గానీ చీటీలు పంచమన్నానా" అన్నారు. కాసేపయ్యాక తెనాలి, బందరు ఆసుపత్రుల్లో తనకి తెలిసిన ఇద్దరికి ఆయనే ఫోన్ చేశారు.

ఒకసారి చేసి చూసినవాడిని:

అయితే ఒప్పుకున్నట్టే. మొదటి నెల వచ్చిన కేసుల్ని అసలు లెక్కలో వేయకు, ట్రయల్ అనుకో. ఫారంలో ఏ గడి ఖాళీగా వస్తోందో చూసి, దాన్ని మార్చు, లేదా తీసేయ్. నేను అది చేయకే మునిగా.

మెడిసిన్ పీజీ, గుంటూరు:

సరే సార్. అక్కా, చీటీ నమూనా చేశాను, ఏడు గడులే, నంబర్ ముందే అచ్చు వేయిస్తున్నా. ఎ4లో సగం సైజు. ఇంకేమైనా మార్చాలా?

ఏరియా ఆసుపత్రి నైట్ డ్యూటీ:

పసుపు కాగితం మీద తీయండి, తెల్లదైతే ఎక్స్‌రే రిపోర్టుల్లో కలిసిపోతుంది. పుస్తకంలా కుట్టించి కార్బన్ పెట్టండి, ఒక కాపీ మా దగ్గర ఉంటుంది. కుట్టిన పక్కన రంధ్రం వేసి తాడు కట్టించండి, ఏఎస్‌వీ ఉండే ఫ్రిజ్ హ్యాండిల్‌కి వేలాడదీస్తా. సీసా తీయడానికి ఎవరొచ్చినా చేతికి తగులుతుంది.